మడత చాకు కొనేముందు

తొలకరి వాన పడింది. పత్తి గింజలు పెట్టే రోజు వచ్చింది. అత్తాకోడళ్లు పొద్దున్నే చేనుకు పోయారు. కోడలు విత్తనాల ప్యాకెట్టు తీసింది. దాని మూలను పంటితో కరిచి లాగింది. చినగలేదు. మళ్లీ కరవబోయింది.

“ఆగు బిడ్డా! మందు నోట్లెకు పోతది,” అన్నది అత్త.

“గింజలే కద అత్తమ్మా!”

“ఉత్త గింజలు కావు. మందు పట్టిచ్చి రంగు పూసిన్రు. ఆ రంగు చూడు.”

అత్త నడుముకు దోపుకున్న గుడ్డ సంచి తీసింది. అందులో తమలపాకులు, వక్కలు, సున్నం డబ్బీ ఉన్నాయి. వాటి పక్కనే ఒక మడత చాకు ఉంది. అత్త చాకు తెరిచింది. ప్యాకెట్టు మూల ఒక్క కోత కోసింది. చాకును కొంగుకు తుడిచి, మడిచి, మళ్లీ సంచిలో వేసుకోబోయింది.

“అత్తమ్మా, నువ్వు వక్క చెక్కేది ఆ చాకుతోనే కద?” అన్నది కోడలు.

అత్త చెయ్యి ఆగింది. చాకు వంక చూసింది. కొంగు వంక చూసింది. ఏమీ అనలేదు. ఆ పూట వక్క వేసుకోలేదు.

ఆదివారం ఇద్దరూ కలిసి అంగడికి పోయారు, ఇంకో చాకు కొనడానికి.

చాకు కొనడం పెద్ద పనా అని మీరు అనుకోవచ్చు. గాజులు కొనేటప్పుడు పది జతలు చూస్తాము. చీర కొనేటప్పుడు మడతలు విప్పి వెలుతురులో చూస్తాము. చాకు మాత్రం చూడకుండా కొంటాము. ఇంట్లో మగవాళ్లు తెచ్చిందే వాడుకుంటాము. అసలు మనకంటూ చాకు ఉండదు. మగవాళ్ల అంగీకి జేబు ఉంటుంది. అందులో బీడీ కట్ట, అగ్గిపెట్టె, చాకు ఉంటాయి. చీరకు జేబు లేదు. అందుకే ఆడవాళ్లు పళ్లనే చాకు చేసుకున్నారు. దారం పంటితో కొరుకుతారు. షాంపూ ప్యాకెట్టు, నూనె ప్యాకెట్టు పంటితోనే చింపుతారు. మేక తాడు ముడి పడితే పంటితోనే విప్పుతారు. పళ్లు అరుగుతాయి, పగులుతాయి. తాడుకు పేడ అంటి ఉంటుంది. మందు ప్యాకెట్టయితే విషమే నోట్లోకి పోతుంది.

చదువు వచ్చిన వాళ్లు మందు ప్యాకెట్టును ఒకసారి తిప్పి చూడాలి. దాని మీద గాలిపటం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. గుర్తు కింది సగంలో రంగు ఉంటుంది. ఎరుపు ఉంటే అన్నిటికన్నా ఎక్కువ విషం. పసుపు ఉంటే దాని తరవాతది. నీలం ఉంటే ఇంకా తక్కువ. ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. ఆకుపచ్చే కదా అని పంటితో చింపకూడదు. అదీ మందే. పొరపాటున మందు నోట్లోకి పోతే నోరు బాగా పుక్కిలించి ఉమ్మాలి. వెంటనే ఆస్పత్రికి పోవాలి. ఆ ప్యాకెట్టును కూడా వెంట తీసుకుపోవాలి. ఏ మందో తెలిస్తే డాక్టరుకు వైద్యం తేలిక అవుతుంది.

ఇక అంగడికి పోదాం.

చాకులాయన నేల మీద గోనెసంచి పరిచాడు. దాని మీద కత్తిపీటలు, కొడవళ్లు, కత్తెరలు, అడకత్తెరలు పెట్టాడు. ఒక పక్క మడత చాకులు ఉన్నాయి. కోడలు వంగి చూసింది.

“రా అక్కా, రా! ఇది చూడు. బొత్తం నొక్కితే టక్కున లేస్తది,” అని ఆయన ఒక చాకు తీశాడు. బొత్తం నొక్కాడు. అలుగు టక్కున బయటికి వచ్చింది. కోడలు ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

చాకులో కోసే ఇనుప రేకును అలుగు అంటారు. బ్లేడు అన్నా అదే. అలుగుకు పదునుగా ఉండే అంచు వాదర. పదును లేని అంచు వీపు. కొసను మొన అంటారు. చేత్తో పట్టుకునేది పిడి. అలుగు, పిడి కలిసే చోట ఒక మేకు ఉంటుంది. దాన్ని రివిట్టు అంటారు. అలుగు దాని మీదే తిరిగి పిడిలోకి మడుచుకుంటుంది.

బొత్తం చాకు వద్దని అత్త చెప్పింది. ఆమె మాట సరైనదే. ఉత్తరప్రదేశ్‌లో రాంపూర్ అని ఒక ఊరు ఉంది. ఆ ఊరి చాకులకు పెద్ద పేరు. హిందీ సినిమాల్లో రౌడీలు టక్కున తెరిచేవి అవే. చూడటానికి బాగుంటుంది. కాని నడుముకు దోపుకుని వంగి నాటు వేస్తున్నప్పుడు బొత్తం నొక్కుకుపోతే ఏమవుతుంది? అలుగు కడుపు పక్కన తెరుచుకుంటుంది. మన పనికి కావలసింది తొందరగా తెరుచుకునే చాకు కాదు. అనుకోకుండా తెరుచుకోని చాకు.

చాకులాయన ఇంకొకటి తీశాడు. ఎర్రటి పిడి. పిడి మీద తెల్లని గుర్తు. అందులో రెండు అలుగులు, కత్తెర, సీసా మూత తీసేది, దబ్బనం, ఇంకా ఏవేవో ఉన్నాయి. కోడలుకు అది నచ్చింది. ఒక్కొక్కటి విప్పి చూసింది. మూయడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

ఇలాంటి చాకు మొదట స్విట్జర్లాండ్ దేశంలో పుట్టింది. అది కొండల దేశం. అక్కడ కార్ల్ ఎల్సెనర్ అనే చాకుల పనివాడు 1884లో పని మొదలుపెట్టాడు. 1891లో ఆ దేశం సైన్యానికి మడత చాకులు ఇచ్చాడు. అతని తల్లి పేరు విక్టోరియా. 1909లో ఆమె చనిపోయింది. అతను తన సరుకుకు తల్లి పేరే పెట్టుకున్నాడు. తరవాత తుప్పు పట్టని ఉక్కు వచ్చింది. 1921లో ఆ ఉక్కు పేరును తల్లి పేరుతో కలిపి విక్టోరినాక్స్ అని మార్చారు. లోకమంతా మగవాళ్ల జేబుల్లో తిరిగే చాకు మీద ఒక తల్లి పేరు ఉంది. ఈ సంగతి చాలా మందికి తెలియదు.

అంగట్లో ఎర్ర పిడి ఉన్నవన్నీ ఆ దేశం చాకులు కావు. చూసి చేసినవే ఎక్కువ. నిజమైనదే అయినా చేను పనికి ఇది అంతగా కుదరదు. సందుల్లోకి మట్టి పోతుంది. పత్తి జిగురు, పండ్ల రసం చేరి గట్టిపడతాయి. కడగడం కష్టం. బరువు కూడా. ఒక్క అలుగు ఉన్న చాకే మనకు మేలు.

కోడలు ఆ ఎర్ర చాకును కింద పెట్టింది. పెట్టడానికి మనసు రాలేదు గాని పెట్టింది.

“ఒక్క అలుగుదే చూపియ్యి అన్నా,” అన్నది.

ఆయన నాలుగైదు చాకులు ముందు పెట్టాడు. అత్త మొదట పొడవు చూసింది. తన నాలుగు వేళ్లను అలుగు మీద అడ్డంగా పెట్టింది. అలుగు నాలుగు వేళ్లంత ఉంటే చాలు. అది సుమారు 3 అంగుళాలు. మామిడికాయ కోయడానికి, గోనెసంచి కుట్టు విప్పడానికి, పూల తొడిమలు కోయడానికి, తాడు తెంపడానికి ఆ పొడవు సరిపోతుంది. అంతకన్నా పొడవుగా ఉంటే మడిచినా నడుము దగ్గర గుచ్చుకుంటుంది. మొన మరీ సూదిలా ఉండనక్కరలేదు. మనము పొడిచే పనులు చేయము. కోసే పనులే చేస్తాము.

తరవాత చాకును మడిచి చూడాలి. మడిచినప్పుడు వాదర అంతా పిడి లోపలికి పోవాలి. మొన ఏమాత్రం బయటికి రాకూడదు. కళ్లతో చూస్తే చాలదు. మడిచిన చాకు మీద కొంగు అంచును మెల్లగా లాగండి. కొంగు ఎక్కడా తట్టుకోకూడదు. తట్టుకుంటే ఆ చాకు రోజూ మీ చీరను చింపుతుంది. తరవాత మడిచిన చాకును తలకిందులుగా పట్టుకుని గట్టిగా ఊపండి. అలుగు దానంతట అది జారి తెరుచుకోకూడదు. ఈ పరీక్షలో అత్త రెండు చాకులను పక్కన పెట్టింది.

చాకు మరీ బిగుతుగా ఉన్నా కష్టమే. అలుగు వీపు దగ్గర గోరు పెట్టి లాగడానికి ఒక గాడి ఉంటుంది. గోరు విరిగేంత బలం పెట్టాల్సి వస్తే వద్దు. ఒక్కసారిగా ఊడి వచ్చి రెండో చేతికి తగులుతుంది. బట్టలు ఉతికి గోళ్లు మెత్తబడ్డ రోజున కూడా తెరవగలగాలి.

ఇప్పుడు చాకు తెరిచి పిడి గట్టిగా పట్టుకోండి. రెండో చేతి వేళ్లతో అలుగు వీపును పట్టి అటూ ఇటూ కదపండి. రివిట్టు దగ్గర కదలిక ఉండకూడదు. కొత్తగా ఉన్నప్పుడే పాత తలుపులా ఊగితే ఆరు నెలలకు ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది తాళం. తలుపుకు గడియ ఎట్లాగో చాకుకు తాళం అట్లాగ. తెరిచిన అలుగు మళ్లీ వేళ్ల మీదికి మడుచుకోకుండా అది ఆపుతుంది. కొన్ని చాకులకు తాళం ఉండదు. పిడి వీపున ఒక స్ప్రింగు మాత్రమే ఉంటుంది. అది అలుగును కాస్త పట్టి ఉంచుతుంది. వీపు మీద బలం పడితే వదిలేస్తుంది. గోనెసంచి కుట్టులో మొన ఇరుక్కుంటుంది. దాన్ని లాగుతాము. అలుగు మడుచుకుంటుంది. చూపుడు వేలు కింద ఉంటుంది. మడత చాకుతో వేలు తెగడం ఎక్కువగా ఇట్లాగే జరుగుతుంది. కూలికి పోయే ఆమెకు చూపుడు వేలు తెగితే పత్తి ఏరడం ఆగుతుంది. పుండు మానేదాకా కూలి ఉండదు. తాళానికి ఇంకో పది ఇరవై రూపాయలు ఎక్కువ అడిగినా ఇవ్వవచ్చు.

తాళాలు చాలా రకాలు. ఫ్రాన్స్ దేశంలో ఒపినెల్ అనే చాకు ఉంది. 1890లో ఒక కొండ ప్రాంతంలో రైతుల కోసం, పశువుల కాపరుల కోసం దాన్ని మొదలుపెట్టారు. కర్ర పిడి, ఒక్క అలుగు, అంతే. దానికి 1955లో ఒక ఇనుప ఉంగరం పెట్టారు. చాకు తెరిచి ఉంగరాన్ని తిప్పితే అలుగు కదలదు. అంత తేలికైన తాళం. మన అంగళ్లలో ఎక్కువగా దొరికేది వేరు. పిడి లోపల ఒక సన్నని రేకు ఉంటుంది. చాకు తెరవగానే రేకు పక్కకు జరిగి అలుగు మడమను ఆపుతుంది. మూసేటప్పుడు ఆ రేకును బొటనవేలితో పక్కకు నొక్కాలి. అలుగు కాస్త దిగగానే బొటనవేలు తీసేయాలి. తీయకపోతే అలుగు దారిలో వేలు ఉండిపోతుంది. చాకు కొనేముందు అంగట్లోనే నాలుగుసార్లు తెరిచి మూసి నేర్చుకోండి. సిగ్గుపడవద్దు. డబ్బులు ఇచ్చేది మీరు.

తాళం గట్టిదో కాదో ఎట్లా చూడాలి? చాకు తెరిచి పిడిని రెండు పక్కలా పట్టుకోండి. వాదర మడుచుకునే గాడి మీద ఒక్క వేలు కూడా ఉండకూడదు. అలుగు వీపును చెక్క మీద పెట్టి నొక్కండి. తాళం వదిలేస్తే ఆ చాకు వద్దు. కోడలు ఇట్లా నొక్కింది. ఒక చాకు టక్కున మడుచుకుంది. చాకులాయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

“అన్ని చాకులు గట్ల నొక్కి చూస్తవా అక్కా?”

“నా వేలు నాకు కావాలె కద అన్నా!” అన్నది కోడలు.

మిగిలినవి రెండు. ఒకటి తళతళ మెరుస్తోంది. ఇంకొకటి కొంచెం నల్లగా ఉంది. ఇక్కడ ఇనుము సంగతి కాస్త తెలుసుకోవాలి.

నల్లగా ఉండేది మామూలు ఉక్కు. సానరాయి మీద నాలుగుసార్లు గీస్తే మంచి పదును వస్తుంది. కాని తుప్పు పడుతుంది. చింతపండు, నిమ్మకాయ, మామిడికాయ తగిలితే నల్లబడుతుంది. కోసిన ముక్కకు కూడా ఇనుప వాసన వస్తుంది. మెరిసేది స్టెయిన్‌లెస్ స్టీలు. ఉక్కులో క్రోమియం అనే ఇంకో లోహం కలిపితే తుప్పు పట్టదు. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ అనే ఊరు ఉంది. చాకులకు పేరున్న ఊరు. అక్కడ 1913లో హారీ బ్రేర్లీ అనే ఆయన ఇలాంటి ఉక్కు తయారుచేశాడు. అది తొందరగా చాకులకు, చెంచాలకు వచ్చింది.

కాని మెరిసేదంతా చాకుకు పనికొచ్చే ఉక్కు కాదు. గిన్నెలు చేసే స్టీలు వేరు, చాకులు చేసే స్టీలు వేరు. చాకు స్టీలును కాల్చి చల్లార్చితే గట్టిపడుతుంది. గిన్నెల స్టీలులో ఎక్కువ రకాలు అట్లా గట్టిపడవు. దానితో చాకు చేస్తే రెండు రోజులకే మొద్దుబారుతుంది. తేడా తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. పాత రేడియో స్పీకరులో అయస్కాంతం ఉంటుంది. దాని ముక్కను కొంగున కట్టుకుని పోండి. అలుగుకు అంటించి చూడండి. అంటుకోకపోతే అది గిన్నెల స్టీలు. కొనకండి. అంటుకుంటే మంచిదేనా? అంతమాత్రాన మంచిదని చెప్పలేము. కాని మొదటి గండం దాటినట్టే.

మన నేలకు ఉక్కు కొత్త కాదు. నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే ఊరు ఉంది. ఒకప్పుడు అక్కడ మట్టి మూసల్లో ఇనుమును కరిగించి గొప్ప ఉక్కు చేసేవారు. పర్షియా దేశం వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. ఇలాంటి ఉక్కుతో చేసిన కత్తులే డమాస్కస్ కత్తులని లోకమంతా పేరు పొందాయి. ఆ ఉక్కును తెల్లవాళ్లు వూట్జ్ అన్నారు. అది మన ఉక్కు అనే మాట నుంచే వచ్చిందని పండితులు చెబుతారు. కొలిమి తిత్తి ఊదిన ఆడవాళ్ల చేతుల కష్టం కమ్మరి ఇళ్లన్నిటిలో ఉంది. వాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు.

అత్త పాత చాకు కమ్మరాయన చేసిందే. నల్ల ఉక్కుది. ఆమెకు అదే ఇష్టం. రోజూ తుడుస్తుంది, వారానికి ఒకసారి నూరుతుంది. కోడలుకు అంత తీరిక లేదు. చంటిపిల్ల ఉంది. పొద్దున్నే కూలి ఉంది. చాకు తడిగానే సంచిలో పడేసే రోజులు ఉంటాయి. అందుకని ఆమె మెరిసేదే తీసుకుంది. ఏ ఉక్కు మేలని వాదించడం దండగ. తుడిచే తీరిక ఉన్నవాళ్లకు నల్లది. లేనివాళ్లకు మెరిసేది.

పిడి సంగతి కూడా చూసింది. నున్నని ఇనుప పిడి చెమట చేతిలో జారుతుంది. గరుకుగా ఉన్న ప్లాస్టిక్కు పిడి లేదా కర్ర పిడి మంచిది. పిడి చివర తాడు కట్టుకునే రంధ్రం ఉండాలి. రంగు ఎరుపో పసుపో అయితే ఇంకా మేలు. గడ్డిలో పడితే కనపడుతుంది. నల్ల పిడి చాకు చేనులో పడిందంటే దొరకదు.

పదును చూడటానికి వేలు పెట్టకండి. పాత పేపరు ముక్కను ఒక చేత్తో పట్టుకుని కోయండి. చినగకుండా తెగితే పదును ఉన్నట్టు. వాదరను ఎండకు పెట్టి చూడండి. ఎక్కడైనా తెల్లగా గీత మెరిస్తే అక్కడ మొద్దు ఉంది. పదును ఉన్న చోట వెలుగు మెరవదు.

చాకు చిన్న అట్టపెట్టెలో ఉంది. కోడలు పెట్టె తిప్పి చూసింది. అంకెలు చదివింది. దాని మీద 140 అని ధర ఉంది. చాకులాయన 180 అన్నాడు.

“140 అనే రాసి ఉన్నది కదన్నా!”

ఆయన నవ్వాడు. “చదువొచ్చిందా అక్కా?” అన్నాడు. పెట్టె మీద ముద్రించిన ధరకన్నా ఎక్కువ అడగకూడదని చట్టం ఉంది. తక్కువకు అడగడానికి మనకు అడ్డు లేదు. 120కి బేరం తెగింది.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో పక్కన కూర్చున్న ఆమె అడిగింది. “ఆడోళ్లు చాకు పెట్టుకుంటే పోలీసులు పట్టుకోరా?” చాలా మందికి ఈ భయం ఉంది. ఆయుధాల చట్టం 1959లో వచ్చింది. దాని నియమాల ప్రకారం అలుగు 9 అంగుళాలకన్నా పొడవుగా గాని, 2 అంగుళాలకన్నా వెడల్పుగా గాని ఉండే కత్తులు ఆయుధాల లెక్కలోకి వస్తాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటిని ఆ లెక్కనుంచి తీసేశారు. మూడు అంగుళాల మడత చాకు పనిముట్టే. కాని అదే చాకు చూపి ఎవరినైనా బెదిరిస్తే అది నేరం. కోర్టుకు, పెద్ద ఆఫీసులకు పోయేటప్పుడు ఇంట్లో పెట్టి పోండి. గేటు దగ్గర తీసుకుంటారు. దుబాయి, మస్కట్ పోయే అక్కలు చాకును చేతి సంచిలో పెట్టకూడదు. విమానంలోకి రానివ్వరు. వెంట పోవాల్సిందే అయితే బరువు తూచి లోపలికి పంపే పెట్టెలో పెట్టాలి.

ఇంకొకటి కూడా చెప్పాలి. దారిలో ఎవరైనా ఏమైనా చేస్తారని కొందరు ఆడపిల్లలకు చాకు ఇచ్చి పంపుతారు. అది ధైర్యం ఇచ్చినట్టు అనిపిస్తుంది. కాని బలమైన మనిషి చాకును లాక్కుంటే అది మన మీదికే తిరుగుతుంది. కేక వేయడం, పరుగెత్తడం, జనం ఉన్న చోటికి పోవడం మేలు. ఫోను ఉంటే 112 నొక్కాలి. ఆడవాళ్ల సాయానికి 181 ఉంది. చాకు కోత పనికే.

ఇంటికి వచ్చాక కోడలు చాకుకు ఒక చిన్న సంచి కుట్టింది. పాత జీన్సు గుడ్డ గట్టిగా ఉంటుందని దాన్ని వాడింది. సంచి నోటికి బొందు పెట్టింది. చాకు పిడికి తాడు కట్టి, ఆ తాడు చివరను సంచికి కుట్టింది. కింద పడినా వేలాడుతుంది గాని పోదు. సంచిని నడుము పక్కకు దోపుకోవాలి. ముందు వైపు దోపుకుంటే వంగినప్పుడు పొట్టకు ఒత్తుకుంటుంది. చంటిపిల్లను ఎత్తుకునే వైపు అసలే వద్దు. పిల్ల చెయ్యి నేరుగా దాని మీదికే పోతుంది.

చాకు ఎవరికైనా ఇచ్చేటప్పుడు మడిచి ఇవ్వండి. చాకు చేతికి ఇస్తే కొట్లాట వస్తుందని మన పెద్దలు నేల మీద పెట్టి తీసుకోమంటారు. కొట్లాట సంగతి ఎట్లా ఉన్నా ఆ అలవాటు మాత్రం మంచిదే. చేతులు మారేటప్పుడు వేళ్లు తెగవు.

కోసేటప్పుడు చాకు మీ నుంచి అవతలికి పోవాలి. మీ వైపు లాగకండి. అరచేతిలో పెట్టి కోయకండి. ఒక చెక్క మీద పెట్టి కోయండి. మొద్దు చాకుకు ఎక్కువ బలం పెడతాము. బలం పెట్టినప్పుడే జారుతుంది. అందుకే నూరుతూ ఉండాలి. సానరాయిని నీళ్లతో తడపండి. చాకును రాయి మీద పెట్టి వీపును కొంచెం లేపండి. చిటికెన వేలి మందంలో సగం లేస్తే చాలు. రాయి మీద నుంచి పలచని పొర కోస్తున్నట్టు పిడి దగ్గర నుంచి మొన దాకా నడపండి. ఒక పక్క పది సార్లు, రెండో పక్క పది సార్లు. ఆఖరికి పాత తోలు చెప్పు మీద వీపు ముందుగా నాలుగుసార్లు రుద్దండి. సైకిలు మీద సాన పట్టే ఆయన వస్తే ఒక మాట చెప్పండి. చక్రానికి గట్టిగా ఒత్తవద్దని చెప్పండి. అలుగు వేడెక్కి నీలం రంగు వచ్చిందంటే అక్కడ ఉక్కు మెత్తబడినట్టే. ఇక ఆ చోట పదును నిలవదు.

కడిగేటప్పుడు చాకు తెరిచి కడగాలి. గుడ్డతో తుడిచి, లోపల తడి ఆరాకే మడవాలి. రివిట్టు దగ్గర నెలకు ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయండి. వంట నూనె వేస్తే కొన్నాళ్లకు జిగురు కడుతుంది.

ఇంత జాగ్రత్తగా ఉన్నా ఒకనాడు వేలు తెగవచ్చు. శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాలి. మధ్యలో తీసి చూడకూడదు. చెయ్యి పైకి ఎత్తి ఉంచాలి. రక్తం ఆగాక శుభ్రమైన నీళ్లతో, సబ్బుతో కడగాలి. కాఫీ పొడి, మట్టి, పేడ, సున్నం పెట్టకూడదు. పది నిమిషాలకు రక్తం ఆగకపోయినా, వేలు వంగకపోయినా, కొస తిమ్మిరిగా ఉన్నా ఆస్పత్రికి పోవాలి. దెబ్బ పెద్దదైతే 108కి ఫోను చేయాలి. ధనుర్వాతం సూది సంగతి అడగాలి. తుప్పు వల్లే ధనుర్వాతం వస్తుందని అనుకుంటారు. తుప్పు వల్ల కాదు. మట్టిలో, పేడలో ఉండే క్రిమి వల్ల వస్తుంది. తళతళలాడే కొత్త చాకు మట్టిలో పడినా దానికి ఆ క్రిమి అంటుతుంది.

వెనకటి రోజుల్లో పసిబిడ్డ బొడ్డు కొడవలితో, చాకుతో కోసేవారు. ఆ క్రిమి బొడ్డులోంచి పోయి ఎందరో పసిబిడ్డలు వారం పది రోజులకే చనిపోయారు. గాలి సోకిందని అనుకునేవారు. గర్భిణులకు సూదులు, ఆస్పత్రి కాన్పులు వచ్చాక అది తగ్గింది. తల్లులకు, పసిబిడ్డలకు వచ్చే ధనుర్వాతాన్ని మన దేశం అదుపులోకి తెచ్చిందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. బాలింత తలాపున ఇనుము పెట్టే ఆచారం ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉంది. పెట్టుకుంటే మడిచిన చాకు పెట్టుకోండి. బొడ్డుకు మాత్రం ఏ చాకూ తగలకూడదు.

అత్త పాత చాకు ఏమైంది? కోడలు దాన్ని సబ్బు నీళ్లతో కడిగింది, బావికి దూరంగా. దాని పిడికి ఎర్ర దారం చుట్టింది. ఇక అది మందు ప్యాకెట్లకు, విత్తనాల ప్యాకెట్లకే. దాన్ని వంటింట్లోకి తేకూడదు. పిల్లలకు అందకుండా కొట్టంలో పై దూలానికి ఒక మేకు కొట్టి వేలాడదీశారు.

ముప్పై ఏళ్లుగా నడుమున ఉన్న చాకు. అత్త రెండు రోజులు ముభావంగా ఉంది. మూడో రోజు కోడలు కొత్త చాకును అత్త ముందు పెట్టింది.

“ఇది నీ దగ్గర పెట్టుకో అత్తమ్మా. వచ్చే ఆదివారం నేను ఇంకోటి కొనుక్కుంట.”

అత్త కొత్త చాకు తెరిచింది. తాళం నొక్కి మూసింది. మళ్లీ తెరిచింది.

“పసుపు పిడిది తెచ్చుకో. నాది ఎర్రది కద, కలిసిపోతయి,” అని వక్క ముక్క చెక్కింది.